ఇండిపెండెంట్ డైరెక్టర్ వస్తే కంపెనీ బాగుపడుతుందా? మా నాన్నగారు ఒప్పుకోవచ్చా?

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. ఆయన చిన్ననాటి స్నేహితుడికి వేరుశనగ ప్రాసెసింగ్ కంపెనీ ఉంది. దాన్ని పబ్లిక్ లిమిటెడ్‌గా మార్చారు, వచ్చే ఏడాది ఎస్ఎంఈ ఎక్స్ఛేంజీలో (చిన్న, మధ్యతరహా కంపెనీల షేర్ల మార్కెట్లో) లిస్ట్ చేద్దామనుకుంటున్నారు. "నువ్వు మా బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టరుగా ఉండాల" అని ఆ స్నేహితుడు అడుగుతున్నాడట. స్వతంత్ర డైరెక్టర్ల (అంటే యాజమాన్యంతో చుట్టరికం, డబ్బు లావాదేవీలు లేని బయటి బోర్డు సభ్యుల) వల్ల కంపెనీ పనితీరు నిజంగా మెరుగవుతుందా, లేక పేరుకేనా అన్నది మొదటి సందేహం. నాన్నగారు ఒప్పుకోవచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. ఇండిపెండెంట్ డైరెక్టర్ కంపెనీకి లాభం తెచ్చిపెట్టడు. కొన్ని రకాల నష్టాలను మాత్రం ఆపగలడు. అది కూడా కంపెనీ సమాచారం సమయానికి ఆయన చేతికొస్తే, వచ్చినదాన్ని చదివి అడిగే మనిషైతే. బోర్డులో ఎంతమంది స్వతంత్రులున్నారు అన్న లెక్కతో కంపెనీ బాగోగులు తేలవు. ఇక మీ నాన్నగారి విషయం: ఒప్పుకోవచ్చు, కానీ కింద చెప్పే కాగితాలు చూశాకే. స్నేహితుడి మాట మీద మాత్రం వద్దు.

నేను కర్నూలులో 27 ఏళ్లుగా సీఏ ప్రాక్టీసులో ఉన్నాను. ఆదోని వైపు ఒక పత్తి జిన్నింగ్, స్పిన్నింగ్ కంపెనీలో ఏడేళ్లు ఇండిపెండెంట్ డైరెక్టరుగా చేశాను. అందులో ఎక్కువ కాలం ఆడిట్ కమిటీ (లెక్కలు పరిశీలించే బోర్డు ఉపసంఘం) చైర్మన్‌ని. ఇంకో కంపెనీలో రెండేళ్లుండి రాజీనామా చేశాను. ఆ రెండు చోట్లా నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. కంపెనీల పేర్లు చెప్పను.

చట్టం సంగతి ముందు ముగిద్దాం. 2013 కంపెనీల చట్టం 149వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీ బోర్డులో కనీసం మూడో వంతు స్వతంత్ర డైరెక్టర్లుండాలి. లిస్ట్ కాని పబ్లిక్ కంపెనీకైనా చెల్లించిన మూలధనం 10 కోట్లు ఉన్నా, టర్నోవర్ 100 కోట్లు ఉన్నా, అప్పులూ డిపాజిట్లూ కలిపి 50 కోట్లు దాటినా కనీసం ఇద్దరు ఉండాల్సిందే. ఒక విడత గరిష్ఠంగా 5 ఏళ్లు, వరుసగా రెండు విడతలే. కంపెనీ స్టాక్ ఆప్షన్లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే హక్కు) వీళ్లకు ఇవ్వకూడదు. హాజరైనందుకు ఇచ్చే సిట్టింగ్ ఫీజు మీటింగుకు లక్ష రూపాయలు దాటకూడదు. మన జిల్లాల్లో చాలా కంపెనీలు ఇచ్చేది అందులో చిన్న భాగమే, కాబట్టి డబ్బు కోసం ఎవరూ ఈ పదవిలోకి రాకూడదని నా అభిప్రాయం. ఆ ఫీజు మీద ఇల్లు గడవాల్సిన మనిషి బోర్డులో ఎదురు ప్రశ్న వేయలేడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్వతంత్రులు ఎక్కువగా ఉన్న కంపెనీలు ఎక్కువ లాభాలు చూపిస్తాయా? దీని మీద చాలా పరిశోధన జరిగింది. అమెరికాలో పెద్ద కంపెనీల లెక్కలు తీసి సంజయ్ భగత్, బెర్నార్డ్ బ్లాక్ అనే ఇద్దరు 2002లో చెప్పిందేమిటంటే, బోర్డులో స్వతంత్రుల వాటా పెరిగినంత మాత్రాన దీర్ఘకాలంలో పనితీరు మెరుగైనట్టు ఆధారం లేదు. వాళ్లు ఇంకో సంగతీ గమనించారు. పనితీరు దెబ్బతిన్న కంపెనీలే స్వతంత్రులను పెంచుకుంటున్నాయి. ఇది చాలామంది పట్టించుకోని చోటు. జ్వరం వచ్చిన ఇంటికే డాక్టరు వస్తాడు. ఏ ఇంటికి డాక్టరు వచ్చాడో లెక్క రాసుకుని, డాక్టరు వచ్చిన ఇళ్లలోనే జ్వరం ఎక్కువగా ఉందంటే అది డాక్టరు తప్పవుతుందా?

లాభనష్టాల పట్టికలో మన పని ఎందుకు కనపడదో నా అనుభవంతో చెప్తాను.

ఆ పత్తి కంపెనీ ఏడాదికి సుమారు లక్ష క్వింటాళ్ల పత్తి ఆడించేది. పత్తిలో మూడో వంతు దూది, మిగతాదంతా దాదాపు గింజే. అంటే దగ్గర దగ్గర 65 వేల క్వింటాళ్ల గింజలు. ఈ గింజలన్నీ ఒకే నూనె మిల్లుకు పోతున్నాయని నేను చేరిన రెండో ఏడాది అమ్మకాల జాబితాలో చూశాను. "రేటు ఎట్లా నిర్ణయిస్తున్నారు?" అంటే "మార్కెట్ రేటే సార్" అన్నారు. సరే అని ఊరుకోలేదు. మూడు నెలలపాటు, నెలకు నాలుగు తేదీలు ఎంచుకుని, ఆ రోజు గింజల రేటెంతో ఆదోనిలో ఇద్దరు బ్రోకర్లను కనుక్కుని ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత కంపెనీ బిల్లులు తెప్పించి పక్కన పెట్టి చూశాను. ప్రతిసారీ మన రేటే తక్కువ. సగటున క్వింటాలుకు 150 రూపాయలు. 65 వేల క్వింటాళ్లకు లెక్కేస్తే 97 లక్షల పైచిలుకు.

ఆ నూనె మిల్లు ఎండీ గారి బామ్మర్దిది.

ఇక్కడ చట్టంలో ఒక సందు ఉంది, మన ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాలి. కంపెనీల చట్టం ప్రకారం 'బంధువు' అంటే భార్య లేదా భర్త, అమ్మా నాన్న, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. అంతే. బావమరిది లేడు, మేనమామ లేడు, వియ్యంకుడు లేడు. మన దగ్గర వ్యాపారమంతా నడిచేది ఈ ముగ్గురి మధ్యనే! ఆ మిల్లులో ఎండీ గారి భార్యకు వాటా లేదు కాబట్టి అది 'రిలేటెడ్ పార్టీ' (చట్టం లెక్కలో కంపెనీ పెద్దలకు సంబంధించిన సంస్థ) కాదు. ఆడిట్ కమిటీ ముందుకు రానక్కర్లేదు, వార్షిక నివేదికలో నోట్ పెట్టనక్కర్లేదు. ఆడిటర్ తప్పు చేశారని నేనను. ఆయన చట్టం అడిగినది చూశారు.

నోటుబుక్కు పట్టుకుని ముందుగా ఎండీ గారి దగ్గరికే ఒంటరిగా వెళ్లాను. మీటింగులో నలుగురి ముందు అడిగితే ఆయన పరువు సమస్యగా మారేది. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "కష్టకాలంలో మా బామ్మర్దే ఆదుకున్నాడు సార్, మీకు తెలీదు" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. కంపెనీ పుంజుకోవడానికి ముందు జీతాలివ్వడానికి కూడా బామ్మర్ది డబ్బు సర్దాడని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. నేను ఒక్కటే అన్నాను: "ఆ రుణం మీది. మీ జేబులోంచి తీర్చుకోండి. కంపెనీలో 30 శాతం షేర్లు బయటివాళ్లవి, వాళ్లు బాకీ పడలేదు." తర్వాతి బోర్డు మీటింగులో వారానికి మూడు కొటేషన్లు తీసుకుని ఎక్కువ ఇచ్చినవాళ్లకు అమ్మాలని తీర్మానం చేశాం. బామ్మర్ది మిల్లు కొనడం ఆగలేదు, మార్కెట్ రేటుకు కొనడం మొదలైంది.

ఆ మరుసటి ఏడాది కంపెనీ లాభం తగ్గింది. దూది ధర పడిపోయింది, గోడౌనులో నిల్వ ఎక్కువ ఉంది, అంతే కారణం. కానీ బయటినుంచి లెక్కలు చూసేవాడికి ఏం కనపడుతుంది? ఒక ఇండిపెండెంట్ డైరెక్టరు గట్టిగా పని మొదలుపెట్టాడు, ఆ వెంటనే లాభం తగ్గింది! కోటి రూపాయల దాకా మిగిలిందన్నది ఏ పట్టికలోనూ విడిగా రాదు. అందుకే స్వతంత్రుల సంఖ్యనూ లాభాన్నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్ల మాట నేను అంత త్వరగా ఒప్పుకోను, అటు వైపు చెప్పినా, ఇటు వైపు చెప్పినా.

మరి ఎప్పుడు పనికొస్తారు? 2010లో రన్ డూచిన్, జాన్ మట్సుసాకా, ఒగుజాన్ ఒజ్‌బాస్ అనే ముగ్గురు దీన్నే తరచి చూశారు. 2000ల మొదట్లో అమెరికా నిబంధనలు మారి చాలా కంపెనీలు బయటి డైరెక్టర్లను తప్పనిసరిగా తీసుకోవాల్సి వచ్చింది. అలా చేరినవాళ్లు, కంపెనీ గురించి బయటివాడికి సమాచారం సులువుగా దొరికే చోట పనితీరు పెంచారు. సమాచారం దొరకడం కష్టమైన చోట వాళ్ల రాక వల్ల పనితీరు తగ్గింది. నా అనుభవం అక్షరాలా ఇదే. ఏమీ తెలియని మనిషి బోర్డులో ఉంటే ఒక కుర్చీ ఖర్చు అనుకోకండి. ఆయన సంతకం చూసి బ్యాంకువాళ్లు, వాటాదారులు ధైర్యంగా ఉంటారు. ఆ ధైర్యానికి ఆధారం లేదు, అది ఖాళీ కుర్చీ కంటే ప్రమాదం.

తెలుగువాళ్లకు దీనికి హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కుంభకోణం కంటే దగ్గరి ఉదాహరణ లేదు. ఆ బోర్డులో స్వతంత్రులెవరో గుర్తు చేసుకోండి: ఐఎస్‌బీ డీన్, మాజీ క్యాబినెట్ కార్యదర్శి, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టరు, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న ఇంజనీరు. అంతకంటే గొప్ప పేర్లు ఏ కంపెనీకి దొరుకుతాయి? 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. అదే ఏడాది డిసెంబర్ 16న, చైర్మన్ కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనను బోర్డు ఆమోదించింది. మార్కెట్ భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లని ఆయనే రాశారు. చూపించిన డిపాజిట్ రసీదులే నకిలీవి.

చాలామంది కథ ఇక్కడితో ఆపేసి "చూశారా, ఇండిపెండెంట్ డైరెక్టర్లు దండగ" అంటారు. తర్వాత జరిగింది కూడా చూడాలి. కేంద్రం పాత బోర్డును తీసేసి అదే జనవరిలో కొత్త డైరెక్టర్లను నియమించింది: దీపక్ పరేఖ్, కిరణ్ కార్ణిక్, సి. అచ్యుతన్, ఆ తర్వాత టి.ఎన్. మనోహరన్, తరుణ్ దాస్, ఎస్.బి. మైనక్. వాళ్లూ బయటివాళ్లే, కంపెనీలో వాటా లేనివాళ్లే. జీతాలకు డబ్బు సమకూర్చారు, క్లయింట్లను నిలబెట్టుకున్నారు, లెక్కలు మళ్లీ రాయించే పని మొదలుపెట్టారు, ఏప్రిల్‌లో వేలం పెట్టి టెక్ మహీంద్రాకు అప్పగించారు. మూడు నెలలు! వేలాదిమంది మన పిల్లల ఉద్యోగాలు అలా మిగిలాయి. ఒకే కంపెనీ, రెండుసార్లూ బోర్డులో పెద్ద పేర్లే. మొదటివాళ్లకు యాజమాన్యం చూపించిన కాగితమే దిక్కు. రెండోవాళ్లు ఏ బీరువా తెరవమన్నా తెరవాల్సిందే. తేడా అక్కడుంది.

మీ నాన్నగారి లాంటివాళ్లకు బీరువా తెరిపించే అధికారం ఎవరూ పళ్లెంలో పెట్టివ్వరు. అడిగి, వెళ్లి, చూసి తెచ్చుకోవాలి. అదెలాగో ఒక ఉదాహరణ.

పత్తి కంపెనీ బ్యాంకుకు నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇచ్చేది. దాన్ని బట్టే క్యాష్ క్రెడిట్‌లో (సరుకు నిల్వ హామీ మీద బ్యాంకు ఇచ్చే అప్పులో) ఎంత వాడుకోవచ్చో బ్యాంకు లెక్కగడుతుంది. బోర్డు పత్రాల్లో ఇది ఒక్క వాక్యం: "బేళ్ల నిల్వ 2,400." బేలంటే ప్రెస్ చేసి కట్టిన దూది మూట. కర్నూలులో కూర్చుని ఆ వాక్యం ఎన్నిసార్లు చదివినా కొత్తగా తెలిసేదేమీ లేదు. ఒక మార్చి నెలలో ఎండీ గారికి ముందురోజు ఫోన్ చేసి చెప్పి, ఇంటర్నల్ ఆడిటర్‌ని వెంటబెట్టుకుని గోడౌనుకు వెళ్లాను. "ఎందుకు సార్ ఇంత ఎండలో వచ్చినారు, ఫోన్ చేసింటే లిస్టు పంపిచ్చేవాళ్లం కదా" అని స్టోర్ కీపర్ కుర్చీ వేశాడు.

బేలు ఒక్కోటి 170 కిలోల దాకా ఉంటుంది. ప్రతి బేలు మీదా ప్రెస్ మార్కు, లాట్ నంబరు రంగుతో రాసుంటాయి. దొంతర్ల మధ్య నడుస్తూ లెక్కపెడుతుంటే వెనక గోడ పక్కన ఒక దొంతర మీద మార్కు వేరేగా కనిపించింది. ఇవి ఎవరివని పక్కనున్న హమాలీని అడిగాను. "ఇవి మనవి కావు సార్, గుంటూరు పార్టీవి. ప్రెస్సింగ్‌కు ఇచ్చినారు" అన్నాడు. ఆయనకు దాచాల్సిన అవసరం లేదు, ఉన్నది చెప్పాడు. లెక్కపెడితే 310 బేళ్లు. ఆ 310 కలుపుకుంటేనే స్టేట్‌మెంటులోని 2,400 అవుతుంది. అప్పటి ధరకు 65 లక్షలకు పైనే. బ్యాంకు పావు వంతు మార్జిన్ తీసేసినా 50 లక్షల దాకా వేరేవాళ్ల సరుకు మీద మనం అప్పు వాడుకుంటున్నాం. మూడు నెలలుగా!

అకౌంటెంటు పొరపాటన్నాడు. అయ్యుండొచ్చు కూడా. పొరపాటో కాదో తేల్చడం నా పని అనుకోలేదు. బ్యాంకుకు సవరించిన స్టేట్‌మెంటు వెళ్లాలి, కారణం రాతపూర్వకంగా చెప్పాలి, జాబ్‌వర్క్ బేళ్లకు వేరే షెడ్డు, వేరే రిజిస్టరు ఉండాలి. ఆ మూడూ ఆడిట్ కమిటీలో రాయించాను. ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు గోడౌన్ లెక్క కమిటీ అజెండాలో చేరింది.

అయితే ఇక్కడో జాగ్రత్త. స్వతంత్ర డైరెక్టరు పోలీసు కాదు, రెండో మేనేజరూ కాదు. రోజువారీ పనిలో వేలు పెడితే కంపెనీ నడవదు, మన స్వతంత్రతా పోతుంది. ఏ పత్తి కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ఎండీ గారికి నాకంటే నూరు రెట్లు తెలుసు, నేనెప్పుడూ నోరెత్తలేదు. చెప్పిన లెక్క నిజమేనా, కంపెనీ డబ్బు ఇంకోచోటికి జారుతోందా, అప్పు మోయగలిగినంతే ఉందా, ఈ మూడింటి చుట్టూనే నా ప్రశ్నలుండేవి.

నేను తప్పు చేసిన చోటు కూడా చెప్పాలి. ఇది రెండో కంపెనీలో.

మీటింగు ముగియబోతుండగా చైర్మన్ గారు ఒక కాగితం తీశారు. అజెండాలో లేని అంశం, మేం 'టేబుల్ ఐటమ్' అంటాం. లేఅవుట్లు వేసే ఒక సంస్థకు 2 కోట్లు డిపాజిట్‌గా ఇవ్వాలి, 14 శాతం వడ్డీ, "బ్యాంకులో పెడితే అందులో సగమే కదా వచ్చేది" అన్నారు. అజెండాలో లేనిది చేపట్టాలంటే హాజరైన డైరెక్టర్లలో ఎక్కువమంది ఒప్పుకోవాలి, అందులో కనీసం ఒక ఇండిపెండెంట్ డైరెక్టరు ఉండాలని అప్పటి సెక్రటేరియల్ ప్రమాణాల్లో (బోర్డు మీటింగులు నడిపే నియమాల్లో) ఉండేది. ఆ రోజు హాజరైన ఒకే ఒక్క స్వతంత్రుణ్ణి నేను. నేను వద్దంటే అది ఆగేది. వడ్డీ ఎంత, ఎన్నాళ్లకు అని అడిగాను. వాళ్ల బ్యాలెన్స్ షీటు ఏది, హామీ ఏమిటి అని అడగలేదు. సాయంత్రమైంది, అందరూ లేచే హడావుడిలో ఉన్నారు, చైర్మన్ గారు పెద్దమనిషి. సరేనన్నాను. ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయింది. పది రోజులకు వచ్చిన మినిట్స్ (మీటింగులో జరిగినదాని రికార్డు) ముసాయిదాలో "సవివరంగా చర్చించిన పిమ్మట" అని ఉంది. ముసాయిదా అందిన ఏడు రోజుల్లో అభ్యంతరం చెప్పే వీలుంటుంది. అదీ వదిలేశాను.

ఎనిమిది నెలలు వడ్డీ వచ్చింది. తర్వాత ఆగింది. ఆ ఏడాది వార్షిక సమావేశానికి నంద్యాల నుంచి రిటైర్డ్ టీచరు ఒకాయన వచ్చారు, చిన్న వాటాదారు. నివేదికలో పెన్సిల్‌తో గీత గీసుకుని తెచ్చుకున్నారు. నా వైపు తిరిగి "మీరు ఆడిట్ కమిటీలో ఉన్నారు కదా సార్, ఇది ఇచ్చేనాడు మీరేమి అడిగినారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అసలులో సగానికి పైగా ఇప్పటికీ రాలేదని విన్నాను. ఆ తర్వాత హామీ రాయించమని, వసూలుకు నోటీసు ఇవ్వమని రెండు మీటింగుల్లో పట్టుబట్టాను. కదలిక లేకపోవడంతో కారణాలన్నీ రాసి రాజీనామా చేశాను. రాజీనామాతో బాధ్యత తుడిచిపెట్టుకుపోదు. 168వ సెక్షన్ ప్రకారం పదవిలో ఉన్న కాలానికి జవాబుదారీ మనదే.

అందుకే టేబుల్ మీదికి అప్పటికప్పుడు వచ్చే డబ్బు విషయానికి ఎంతటి పెద్దమనిషి చెప్పినా ఒప్పుకోవద్దు. "వచ్చే మీటింగుకు కాగితాలు పంపండి సార్" అనే వాక్యం మీ నాన్నగారు ఇప్పటినుంచే నోటికి పట్టించుకోవాలి.

ఇక స్నేహం సంగతి. చట్టం చుట్టరికాన్ని చూస్తుంది, డబ్బు లావాదేవీలను చూస్తుంది, స్నేహాన్ని చూడదు. కాబట్టి చిన్ననాటి స్నేహితుడన్న కారణంగా మీ నాన్నగారికి అనర్హత రాదు. కానీ ఒకే బెంచీలో కూర్చున్న మనిషిని "ఈ బిల్లు నాకు చూపించు" అని అడగగలరా? ఇది ఆయనొక్కరే తేల్చుకోవాలి. నాకు తెలిసిన ఒకాయన అడగలేక, కాదనలేక మూడేళ్లు టెన్షన్ పడి ఆరోగ్యం పాడుచేసుకున్నారు. ఇంకొకాయన మొదటిరోజే "నేను బోర్డులో ఉన్నంతకాలం నీకు స్నేహితుణ్ణి కాను, ఇష్టమైతేనే పిలువు" అని చెప్పి చేరారు, ఇద్దరూ బాగానే ఉన్నారు. ప్రమోటరుకు (కంపెనీ పెట్టి, నడిపే యజమానికి) తగినన్ని ఓట్లు ఉంటే మనల్ని తీసేయగలడన్నది కూడా గుర్తుండాలి. 2016 డిసెంబరులో పారిశ్రామికవేత్త నుస్లీ వాడియా అంతటి మనిషినే టాటా స్టీల్, టాటా మోటార్స్, టాటా కెమికల్స్ బోర్డుల నుంచి ఓటింగు పెట్టి తొలగించారు. పదవి పోతుందనే భయం లేనివాళ్లే ఇందులోకి రావాలి.

మీ కంపెనీ లిస్టింగుకు వెళ్తోంది కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైన మాట: ప్రాస్పెక్టస్ (షేర్లు అమ్మేముందు మదుపర్లకు ఇచ్చే కంపెనీ వివరాల పత్రం) మీద ప్రతి డైరెక్టరు సంతకం ఉంటుంది. అందులో తప్పుడు వివరం ఉండి మదుపర్లు నష్టపోతే 34, 35 సెక్షన్ల కింద క్రిమినల్ బాధ్యత, నష్టపరిహారం రెండూ డైరెక్టర్ల దాకా వస్తాయి. మామూలు రోజుల్లో 149వ సెక్షన్ 12వ ఉపసెక్షన్ స్వతంత్రులకు కొంత రక్షణ ఇస్తుంది. తనకు తెలిసి, తన సమ్మతితో జరిగినదానికో, తగిన శ్రద్ధ చూపకపోవడం వల్ల జరిగినదానికో మాత్రమే బాధ్యత. ఆ 'తగిన శ్రద్ధ' నిరూపించేది కాగితమే: పంపిన మెయిల్, మినిట్స్‌లో రాయించిన అభ్యంతరం. లిస్టింగుకు రెండు మూడు నెలల ముందు హడావుడిగా బోర్డు నింపుకునే కంపెనీలంటే నాకు భయం. చేరితే ఇప్పుడే చేరి, కనీసం మూడు నాలుగు మీటింగులు చూశాక ప్రాస్పెక్టస్ మీద సంతకం పెట్టాలి.

వేరుశనగ వ్యాపారంలో బ్యాంకరుగా ఆయనకు కొన్ని విషయాలు వెంటనే తడతాయి. కాయ నిల్వను పప్పు నిల్వగా లెక్కిస్తున్నారా (వంద కిలోల కాయకు సుమారు 70 కిలోలే పప్పు), తేమ ఆరి తగ్గిన తూకం పుస్తకంలో తగ్గించారా, ఇవి ఆయన ఇన్‌స్పెక్షన్లలో చూసినవే. కొత్తగా నేర్చుకోవాల్సింది అఫ్లటాక్సిన్ గురించి. ఆ బూజు విషం పరిమితి దాటితే ఎగుమతి కంటైనర్లు తిరస్కరిస్తారు. గత మూడేళ్లలో ఎన్ని కంటైనర్లు వెనక్కొచ్చాయి, ఆ సరుకు ఏ ధరకు ఎవరికి అమ్మారు అని అడిగితే సగం కంపెనీ అర్థమవుతుంది. వెనక్కొచ్చిన సరుకు ఎప్పుడూ ఒకే చేతికి పోతుంటే ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోవాలి. బామ్మర్ది అన్న పదం చట్టంలో లేకపోయినా సరే.

ఒప్పుకునే ముందు తెప్పించుకోవాల్సినవి: గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు నోట్స్‌తో సహా, బ్యాంకు శాంక్షన్ లెటర్లు, జీఎస్టీ, పీఎఫ్ బాకీల వివరం, కోర్టు కేసుల జాబితా, గత ఏడాది బోర్డు మినిట్స్. ఆడిటర్ మధ్యలో మారారా అన్నది తప్పకుండా అడగాలి. మారి ఉంటే పాత ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడాలి. కంపెనీ సెక్రటరీ పూర్తికాలం ఉన్నారా, లేక మీటింగు రోజు వచ్చి పోయేవారా చూడాలి. మీటింగు పత్రాలు ఎన్ని రోజుల ముందు పంపుతారో రాతలో తీసుకోవాలి. నోటీసుకు చట్టం అడిగేది 7 రోజులు, పత్రాలు కూడా దాంతోపాటే రావాలని నేను పట్టుబట్టేవాణ్ణి. డైరెక్టర్ల బాధ్యతా బీమా ఉందో లేదో కూడా అడగండి. ఈ కాగితాలు చూపించడానికి వెనకాడితే అక్కడితో మాట ముగించవచ్చు.

లాంఛనాలు తేలికే. డిన్ నంబరు (డైరెక్టరు గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ నడిపే ఇండిపెండెంట్ డైరెక్టర్ల డేటాబ్యాంకులో పేరు నమోదు చేసుకోవాలి, మినహాయింపు లేనివాళ్లు ఆన్‌లైన్ పరీక్ష రాయాలి. 50 శాతం మార్కులు చాలు, నమోదైన రెండేళ్ల లోపు పాసవ్వాలి. బ్యాంకులో పనిచేసిన మనిషికి అది కష్టం కాదు.

ఆ స్నేహితుణ్ణి ఈ కాగితాలు దసరా లోపలే అడగమనండి. కొత్త కాయ యార్డుకు రావడం మొదలైతే వాళ్లకు తీరికుండదు, "సీజన్ అయినాక చూద్దాంలే, ముందు సంతకం పెట్టు" అంటారు. కాగితాలు చేతికొచ్చాక ఏ పేజీ దగ్గర ఆగిపోయినా ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.